అమెరికా హైవే నంబర్లు, రైలు కంపెనీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఆగస్టులో చదువులకు వచ్చే పిల్లలు, ప్రతి వేసవిలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వచ్చే పెద్దవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. "అన్నా, ఐ-95కీ యూఎస్ 1కీ తేడా ఏంటి?" "బాబూ, ఆ గూడ్సు బండి మీద ప్రభుత్వం పేరే లేదేంటి?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నేనుండేది న్యూజెర్సీలో, అందుకని ఉదాహరణలు ఇటువైపువి కాస్త ఎక్కువ.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్తాను. మనకు చిన్నప్పటి నుంచి రైలంటే ప్రభుత్వం. ఇక్కడ రోడ్లు ప్రభుత్వానివి, పట్టాలు చాలావరకు ప్రైవేటు కంపెనీలవి. ఇది బుర్రకెక్కితే సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

## విమానం దిగిన కొత్తలో

ఐ-95, యూఎస్ 1, రూట్ 27... అన్నీ హైవేలే కదా, మళ్లీ తేడా ఏంటి?

న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్లో ఈ మూడూ కొద్ది మైళ్ల దూరంలోనే ఉంటాయి. ఒక్కో దాని మీద ఒక్కసారి వెళ్తే చాలు, తేడా తెలిసిపోతుంది. "ఐ" అంటే ఇంటర్‌స్టేట్. సిగ్నళ్లు ఉండవు, ఇళ్లూ షాపులూ నేరుగా దాని మీదికి తెరుచుకోవు. ర్యాంపు ఎక్కాలి, ర్యాంపు దిగాలి. దాని గుర్తు నీలం రంగు డాలు, పైన ఎర్ర పట్టీ.

"యూఎస్" అన్నది అంతకన్నా పాత జాతీయ నంబరు. ఆ పద్ధతికి 1926 నవంబరు 11న ఆమోదం వచ్చింది. తెల్ల డాలు మీద నల్ల అంకెలు ఉంటాయి. యూఎస్ 1 మీద సిగ్నళ్లు, పెట్రోలు బంకులు, ఫర్నిచర్ షాపులు అన్నీ రోడ్డు పక్కనే. మూడోది రాష్ట్రం నంబరు. ఆ గుర్తు రాష్ట్రానికో రకం: న్యూజెర్సీలో తెల్ల గుండ్రం, టెక్సస్‌లో తెల్ల చదరం, కాలిఫోర్నియాలో ఆకుపచ్చ పార ఆకారం. టెక్సస్‌లో ఇంకా ఎఫ్ఎం అని "పొలం నుంచి మార్కెట్‌కు" రోడ్లు కూడా ఉంటాయి. పేరు పల్లెటూరిదే అయినా వాటిలో కొన్ని ఇప్పుడు డాలస్ శివార్లలో ఆరు లేన్ల రోడ్లు.

నంబర్లకు ఏదైనా లెక్క ఉందా, వరసగా పెట్టుకుంటూ పోయారా?

లెక్క ఉంది. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి సరి సంఖ్యలు. ఇంతవరకూ ఇంటర్‌స్టేట్‌కీ యూఎస్ రూట్‌కీ ఒకటే సూత్రం. ఆ తర్వాతే తిరకాసు. యూఎస్ నంబర్లు తూర్పున, ఉత్తరాన చిన్నవిగా మొదలవుతాయి: అట్లాంటిక్ పక్కన యూఎస్ 1, పసిఫిక్ పక్కన యూఎస్ 101, కెనడా సరిహద్దు దగ్గర యూఎస్ 2. ఇంటర్‌స్టేట్‌లు సరిగ్గా దీనికి తలకిందులు. ఐ-5 పడమటి తీరంలో ఉంటుంది, ఐ-95 తూర్పు తీరంలో. ఐ-10 దక్షిణాన, ఐ-90 ఉత్తరాన.

తలకిందులు చేయడానికి కారణం ఉంది. ఒకే రాష్ట్రంలో ఒకే నంబరుతో రెండు పెద్ద రోడ్లు ఎదురుపడకూడదని. చివర సున్నా గానీ ఐదు గానీ ఉంటే సాధారణంగా అది దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు కలిపే పెద్ద దారి అనుకోవచ్చు. అన్నిటికన్నా పొడవైనది ఐ-90, సియాటిల్ నుంచి బోస్టన్ దాకా దాదాపు 3,020 మైళ్లు.

మన ఎన్‌హెచ్ నంబర్ల లెక్క ఇక్కడ పనికొస్తుందా?

సగం పనికొస్తుంది, సగం తికమక పెడుతుంది. 2010లో మన జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చారు కదా. పాత ఎన్‌హెచ్ 5 చాలామటుకు 16లో కలిసింది, పాత 7 చాలామటుకు 44 అయింది, హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లే పాత 9 ఇప్పుడు 65. మన కొత్త పద్ధతిలో ఉత్తర దక్షిణాలకు సరి సంఖ్య, తూర్పు పడమరలకు బేసి సంఖ్య. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి 44, పుణె నుంచి మచిలీపట్నానికి 65. అమెరికాలో ఇది తిరగబడుతుంది. మూడంకెల నంబరులో చివరి రెండంకెలు అసలు రోడ్డును చెప్పడం మాత్రం రెండు చోట్లా ఒకటే. మన 216 వెళ్లి 16ను కలిసినట్టే ఇక్కడి 287 కూడా 87 కుటుంబానిదే.

మూడంకెల ఇంటర్‌స్టేట్ నంబరు చూసి ఏం చెప్పొచ్చు?

మొదటి అంకె సరి అయితే ఆ రోడ్డు ఊరి చుట్టూ తిరిగో, ఊరిని తప్పించుకునో మళ్లీ పెద్ద హైవేలో కలుస్తుంది. బేసి అయితే చీలిపోయి ఒకచోట ఆగిపోతుంది. అట్లాంటా చుట్టూ పూర్తి గుండ్రంగా తిరిగే ఐ-285 మొదటి రకం. న్యూజెర్సీలో ట్రెంటన్ వైపు నుంచి సముద్రం దిక్కుగా వెళ్లి ఆగే ఐ-195 రెండో రకం.

ఈ మూడంకెల నంబర్లు వేరే రాష్ట్రంలో మళ్లీ వాడుకోవచ్చు. 495 న్యూయార్క్‌లో ఒకటుంది, మసాచుసెట్స్‌లో ఒకటుంది, వాషింగ్టన్ చుట్టూ ఇంకొకటి. ఎవరైనా "495 మీద ఉన్నాం" అంటే ఏ ఊరు అని అడగండి.

ఐ-50, ఐ-60 ఎక్కడా కనిపించవేం?

అసలు లేవు. దేశం నడుమ అడ్డంగా యూఎస్ 50, యూఎస్ 60 అప్పటికే ఉన్నాయి. ఆ నంబర్లు ఇంటర్‌స్టేట్‌లకు ఇస్తే అవే రాష్ట్రాల్లో పడి రెండూ కలగాపులగం అవుతాయని వదిలేశారు.

ఈ లెక్కకు లొంగని నంబర్లు ఉన్నాయా?

కావలసినన్ని. ఐ-99 వరస ప్రకారం ఐ-95కి కూడా తూర్పున, అంటే దాదాపు సముద్రంలో ఉండాలి. కానీ అది పెన్సిల్వేనియా నడుమ కొండల్లో ఉంది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు బడ్ షుస్టర్ ఆ నంబరును ఏకంగా చట్టంలోనే రాయించాడు. కాలిఫోర్నియాలో హేవర్డ్ దగ్గర ఐ-238 ఉంది, దేశంలో ఐ-38 అన్నదే లేదు. టెక్సస్‌లో డాలస్ నుంచి గాల్వెస్టన్‌కు పోయే ఐ-45 పేరుకు ఇంటర్‌స్టేట్, రాష్ట్రం మాత్రం దాటదు. హవాయీలో హెచ్-1, హెచ్-2, హెచ్-3 ఉన్నాయి. సముద్రం దాటి అవి ఏ రాష్ట్రానికి వెళ్తాయని మా నాన్నగారు అడిగారు. ఎక్కడికీ వెళ్లవు. ఇంటర్‌స్టేట్ నిధులతో, ఆ ప్రమాణాలతో కట్టారు కాబట్టి ఆ పేరు.

ఇంటర్‌స్టేట్‌లు యుద్ధవిమానాలు దిగడానికి కట్టారట, ప్రతి ఐదు మైళ్లలో ఒక మైలు తిన్నగా ఉంటుందట, నిజమేనా?

ఆ ఐదు మైళ్ల మాట పుకారు. అలాంటి నిబంధన ఏ చట్టంలోనూ లేదు. సైన్యం ప్రస్తావన మాత్రం అబద్ధం కాదు. 1919లో సైన్యం ట్రక్కుల వరసను వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పంపింది. బురదలో దిగబడుతూ, వంతెనలు విరుగుతూ 62 రోజులు పట్టింది. అందులో ఐసెన్‌హోవర్ అనే యువ అధికారి ఉన్నాడు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ రోడ్లనూ చూశాడు. అధ్యక్షుడయ్యాక 1956 జూన్ 29న ఆయనే హైవే చట్టం మీద సంతకం పెట్టాడు. ఖర్చులో 90 శాతం కేంద్రానిది. ఆ వ్యవస్థ అధికారిక పేరులో "రక్షణ" అన్న మాట కూడా ఉంది.

రూట్ 66 మీద ఇప్పుడు వెళ్లొచ్చా?

ముక్కలు ముక్కలుగా వెళ్లొచ్చు. షికాగో నుంచి శాంటా మోనికా దాకా పోయిన ఆ రోడ్డు నంబరును 1985లో జాతీయ జాబితా నుంచి తీసేశారు. పాత రోడ్డు చాలాచోట్ల "చారిత్రక రూట్ 66" అనే గోధుమరంగు బోర్డులతో మిగిలి ఉంది. త్వరగా చేరాలంటే పడమటి భాగంలో ఎక్కువ దూరం ఐ-40 పట్టుకోవాలి.

## స్టీరింగ్ పట్టుకున్నాక

ఎగ్జిట్ (హైవే దిగే దారి) 4 తర్వాత ఏకంగా 15 వచ్చింది. మధ్యలోవి ఏమైపోయాయి?

అవి వరస నంబర్లు కావు, మైళ్లు. చాలా రాష్ట్రాల్లో ఎగ్జిట్ నంబరంటే రాష్ట్రం సరిహద్దు నుంచి ఎన్నో మైలు అనే. తూర్పు పడమర రోడ్డయితే పడమటి సరిహద్దు నుంచి, ఉత్తర దక్షిణ రోడ్డయితే దక్షిణ సరిహద్దు నుంచి లెక్క మొదలవుతుంది. పెన్సిల్వేనియాలో ఐ-80 మీద ఒహాయో వైపు 4 అని మొదలై, ఇటు న్యూజెర్సీ గుమ్మంలో డెలవేర్ వాటర్ గ్యాప్ దగ్గర 310 అవుతుంది. అంటే 15 దగ్గర ఎక్కి 310లో దిగాలంటే 295 మైళ్లు. జీపీఎస్ అక్కర్లేకుండా పెట్రోలు లెక్క వేసుకోవచ్చు.

న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు లాంటి కొన్ని పాత రోడ్లు మాత్రం ఇంకా 1, 2, 3 అని వరస నంబర్లే వాడుతున్నాయి. మసాచుసెట్స్ 2020-21లో మైళ్ల పద్ధతికి మారింది. అరిజోనాలో టూసాన్ నుంచి మెక్సికో సరిహద్దుకు పోయే ఐ-19 మీదైతే దూరాలు కిలోమీటర్లలో ఉంటాయి. మనకు సొంతూరు గుర్తొచ్చే రోడ్డు అదొక్కటే.

ఎగ్జిట్ కుడివైపా ఎడమవైపా ముందే తెలిసేదెలా?

పెద్ద ఆకుపచ్చ బోర్డు నెత్తిన ఎగ్జిట్ నంబరుతో చిన్న పలక ఉంటుంది. ఆ పలక కుడి మూలన ఉంటే దారి కుడివైపు, ఎడమ మూలన ఉంటే ఎడమవైపు. బోర్డు అడుగున పసుపు పట్టీ మీద "ఎగ్జిట్ ఓన్లీ" అని ఉంటే ఆ లేన్ మిమ్మల్ని రోడ్డు దింపేస్తుంది. ముందే లేన్ మారండి.

బోర్డు మీద "వెస్ట్" అని ఉంది, ఫోన్ దిక్సూచి ఉత్తరం చూపిస్తోంది. తప్పు దారి పట్టానా?

అలా అనుకోనక్కర్లేదు, కంగారు పడకండి. బోర్డు మీది దిక్కు ఆ రోడ్డు మొత్తం ఎటు పోతుందో చెబుతుంది, మీరున్న మలుపు ఎటు తిరిగిందో చెప్పదు. బర్క్‌లీ దగ్గర ఒకే రోడ్డు ఒకే సమయంలో ఐ-80 ఈస్ట్, ఐ-580 వెస్ట్ కూడా. బండి మాత్రం ఉత్తరానికి పోతుంటుంది. వర్జీనియాలో విత్‌విల్ దగ్గర ఐ-81 నార్త్, ఐ-77 సౌత్ ఒకే తారు మీద కలిసి నడుస్తాయి. ఇలాంటి చోట దిక్కును నమ్ముకోకుండా బోర్డు మీది ఊరి పేరు చూసుకోండి.

డాలస్‌లో 35ఈ, 35డబ్ల్యూ అంటారు. ఈస్ట్, వెస్ట్ అనేనా?

అనుభవంతో చెప్తున్నాను, ఆ అక్షరాలు మీరు పోయే దిక్కు చెప్పవు. ఓక్లహోమా వైపు నుంచి వస్తుంటే డెంటన్‌లో ఐ-35 రెండుగా చీలుతుంది. తూర్పు కొమ్మ 35ఈ డాలస్‌కు, పడమటి కొమ్మ 35డబ్ల్యూ ఫోర్ట్‌వర్త్‌కు. దక్షిణాన హిల్స్‌బొరోలో మళ్లీ కలుస్తాయి. రెండు కొమ్మలూ ఉత్తర దక్షిణాలుగానే నడుస్తాయి. ఒకసారి ఇర్వింగ్‌లో చుట్టాలింటికి భోజనానికి వెళ్తూ, మాటల్లో పడి పడమటి కొమ్మ ఎక్కేశాను. ఫోర్ట్‌వర్త్ భవనాలు కనిపించేదాకా తెలియలేదు. వెళ్లేసరికి పప్పుచారు చల్లారిపోయింది, వదినగారి ముఖం చల్లారలేదు. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లోనూ ఇదే ఐ-35 ఇలాగే చీలుతుంది.

దారిలో టీ తాగుదామంటే హైవే పక్కన ఒక్క కొట్టూ లేదేం?

ఇంటర్‌స్టేట్ రెస్ట్ ఏరియాల్లో హోటళ్లు, బంకులు పెట్టకూడదని కేంద్ర చట్టం ఉంది. హైవే పక్కనే అన్నీ దొరికితే దగ్గరి ఊళ్ల వ్యాపారం దెబ్బతింటుందని. అందుకే అక్కడ బాత్రూములు, బల్లలు, వెండింగ్ మెషీన్లు తప్ప ఏమీ ఉండవు. టీ కావాలంటే ఎగ్జిట్ తీసుకోవాలి. ఎగ్జిట్‌కు ముందు నీలం బోర్డు మీద ఏ హోటళ్లున్నాయో వాటి లోగోలు కనిపిస్తాయి. ఆ చట్టం కన్నా ముందే కట్టిన న్యూజెర్సీ, పెన్సిల్వేనియా టర్న్‌పైక్‌ల లాంటి టోల్ రోడ్ల మీద మాత్రం సర్వీస్ ప్లాజాలు ఉంటాయి. ఫ్లాస్కు వెంట పెట్టుకోవడం ఉత్తమం.

ఒక టోల్ ట్యాగు కొంటే దేశమంతా చాలదా? మన ఫాస్టాగ్ చాలుతుంది కదా.

చాలదు. తూర్పు రాష్ట్రాల్లో చాలాచోట్ల ఈ-జీపాస్ పనిచేస్తుంది. టెక్సస్‌లో టోల్‌ట్యాగ్, ఈజీ ట్యాగ్ లాంటివి, కాలిఫోర్నియాలో ఫాస్‌ట్రాక్. 2016 కల్లా ఎక్కడి ట్యాగయినా ఎక్కడైనా పనిచేయాలని 2012లోనే చట్టం చేశారు గానీ, ఇంకా అంతదాకా రాలేదు. ట్యాగు లేకపోతే చాలా రోడ్ల మీద కెమెరా నంబరు ప్లేటును ఫొటో తీసి ఇంటికి బిల్లు పంపుతుంది, అది ట్యాగుతో కట్టే టోల్ కన్నా ఎక్కువ ఉంటుంది. అద్దె కారయితే పైన కంపెనీ రుసుము కూడా పడొచ్చు. తాళాలు తీసుకునేటప్పుడే అడగండి.

ఇంకో మాట. "మీ టోల్ బాకీ ఉంది, ఈ లింకు నొక్కి కట్టండి" అని ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు చాలామటుకు మోసం. టోల్ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి చూసుకోండి.

హైవే మీద బండి ఆగిపోయింది. 911కి (అత్యవసర నంబరు) ఎక్కడున్నానని చెప్పాలి?

మూడు ముక్కలు చాలు: రోడ్డు నంబరు, మీరు పోతున్న దిక్కు, మైలురాయి. "ఐ-80 వెస్ట్, మైలు 23" అంటే వాళ్లకు చాలు. రోడ్డు పక్కన సన్నటి ఆకుపచ్చ పలక మీద నిలువుగా అంకెలు ఉంటాయి, అదే మైలురాయి. మైలులో పదోవంతుకు కూడా చాలాచోట్ల చిన్న పలకలు పెడతారు. పొద్దుపోయాక కారు ఆగితే ఆ పలక వెతకడానికి రోడ్డు మీద నడవకండి. చివరగా దాటిన ఎగ్జిట్ నంబరు చెప్పినా సరిపోతుంది.

ఇంటర్‌స్టేట్ అంటే కేంద్రానిదేనా? గుంతలు పడితే ఎవర్ని అడగాలి?

కేంద్రం ప్రమాణాలు పెడుతుంది, డబ్బులో పెద్ద వాటా ఇస్తుంది. రోడ్డు మాత్రం రాష్ట్రానిది, బాగుచేయాల్సింది రాష్ట్ర రవాణా శాఖే. కేంద్రం డబ్బుకు ప్రధాన ఆధారం పెట్రోలు మీద గ్యాలన్‌కు 18.4 సెంట్ల పన్ను. అది 1993 నుంచి ఒక్క సెంటు కూడా పెరగలేదు. ధరలన్నీ పెరిగాక పాత పన్నుతో రోడ్లు నడుస్తున్నాయి. గుంతల రహస్యం కొంత అక్కడే ఉందని నా అనుమానం.

## రైలెక్కాలనుకుంటే

"రీజనల్" అని చాలాచోట్ల కనిపిస్తుంది. అది మన ప్యాసింజర్ బండి లాంటిదా?

ఈ ఒక్క మాటకు ఇక్కడ మూడు అర్థాలు. నార్త్‌ఈస్ట్ రీజనల్ అన్నది ఆమ్‌ట్రాక్ అనే జాతీయ ప్రయాణికుల రైలు సంస్థ నడిపే ఒక రైలు పేరు, బోస్టన్, న్యూయార్క్, వాషింగ్టన్ దారిలోది. ఫిలడెల్ఫియాలో రీజనల్ రైల్ అంటే శివార్లకు నడిచే లోకల్ రైళ్లు. రైల్వే వాళ్లు "రీజనల్ రైల్‌రోడ్" అన్నప్పుడు మాత్రం అది మధ్యస్థాయి గూడ్సు కంపెనీ. దాని వెబ్‌సైట్‌లో టికెట్ కోసం వెతికితే దొరకదు. మా తమ్ముడి స్నేహితుడొకడు సాయంత్రమంతా వెతికాడు.

ఆమ్‌ట్రాక్ రైళ్లు అన్నేసి గంటలు ఎందుకు ఆలస్యం అవుతాయి?

పట్టాలు దానివి కావు కాబట్టి. ప్రయాణికుల రైళ్లతో నష్టపోతున్న కంపెనీల నుంచి ఆ భారం తీసుకుంటూ 1971 మే 1న ఆమ్‌ట్రాక్ మొదలైంది. రైళ్లు దాని చేతికి వచ్చాయి, పట్టాలు కంపెనీల దగ్గరే ఉండిపోయాయి. వాషింగ్టన్, బోస్టన్‌ల మధ్య 457 మైళ్ల దారిలో ఎక్కువ భాగం ఆమ్‌ట్రాక్ సొంతం. ఆ దారి దాటితే చాలామటుకు గూడ్సు కంపెనీల పట్టాల మీద అద్దెకు నడవాలి.

ప్రయాణికుల రైలుకే ముందు దారి ఇవ్వాలని చట్టం ఉంది. కానీ సింగిల్ లైన్ మీద ఎదురుగా వచ్చే గూడ్సు బండి, పక్కకు తప్పుకునే లూప్ లైన్ కన్నా పొడవుంటే ఏం చేస్తారు? తప్పుకోవాల్సింది చిన్న బండే, అంటే ప్రయాణికులదే. ఖాజీపేట అవుటర్‌లో రైలు నిలబెట్టినప్పుడు మనం సిగ్నల్‌ను తిట్టుకుంటాం, ఇక్కడ ఎదుటి కంపెనీని తిట్టుకుంటారు.

డాలస్ నుంచి హ్యూస్టన్‌కు రైలుందా?

నేరుగా లేదు. రెండు మహానగరాలు, మధ్య దూరం దాదాపు 240 మైళ్లు, అయినా లేదు. డాలస్ మీదుగా టెక్సస్ ఈగిల్ శాన్ ఆంటోనియోకు వెళ్తుంది. హ్యూస్టన్ మీదుగా సన్‌సెట్ లిమిటెడ్ వారానికి మూడుసార్లు వెళ్తుంది. ఐ-45 మీద కారో బస్సో, లేదంటే విమానం.

మెట్రోపార్క్ స్టేషన్లో ఎన్‌జే ట్రాన్సిట్ (న్యూజెర్సీ లోకల్ రైళ్ల సంస్థ) టికెట్‌తో ఆమ్‌ట్రాక్ ఎక్కొచ్చా?

ఎక్కకూడదు. స్టేషన్ ఒకటే, ప్లాట్‌ఫాం ఒకటే, పట్టాలూ అవే, కానీ సంస్థలు వేరు, టికెట్లు వేరు. బోర్డు మీద రైలు నంబరు పక్కన ఎవరి రైలో చూసుకుని ఎక్కండి.

## గూడ్సు బండి చూశాక వచ్చే సందేహాలు

ఇంజన్ల మీద రకరకాల పేర్లుంటాయి. ఇక్కడ ఎన్ని రైల్వేలున్నాయి?

వందల్లో ఉన్నాయి. ఆదాయాన్ని బట్టి మూడు తరగతులు. మొదటి తరగతిలో ఇప్పుడు ఆరే కంపెనీలు: పడమట బీఎన్ఎస్ఎఫ్, యూనియన్ పసిఫిక్. తూర్పున సీఎస్ఎక్స్, నార్ఫక్ సదరన్. కెనడా వైపు నుంచి కెనేడియన్ నేషనల్, ఇంకా 2023 ఏప్రిల్‌లో రెండు కంపెనీలు కలిసి ఏర్పడిన కెనేడియన్ పసిఫిక్ కాన్సాస్ సిటీ. మొదటి తరగతి అనిపించుకోవడానికి ఏడాది ఆదాయం ఇప్పుడు 100 కోట్ల డాలర్లు దాటాలి. యూనియన్ పసిఫిక్, నార్ఫక్ సదరన్ కలవాలని 2025 జూలైలో ప్రకటించాయి. అలాంటి విలీనాలకు అనుమతి ఇచ్చేది సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు.

వాటి కింద రీజనల్ కంపెనీలు. కనీసం 350 మైళ్ల లైను గానీ, 4 కోట్ల డాలర్ల ఆదాయం గానీ ఉండి మొదటి తరగతికి చేరనివి. వాటికీ కిందివి షార్ట్ లైన్లు, వీటి సంఖ్య 600 పైనే. కొన్నిటికి ఒక ఫ్యాక్టరీ నుంచి జంక్షన్ దాకా పది మైళ్ల పట్టా, రెండు పాత ఇంజన్లు, అంతే ఆస్తి.

ఈ రీజనల్ రైల్‌రోడ్లు ఎలా పుట్టాయి?

పెద్దవి కుప్పకూలితే పుట్టాయి. 1950ల నుంచి ట్రక్కులు కొత్త ఇంటర్‌స్టేట్‌లెక్కి సరుకంతా పట్టుకుపోయాయి. రైలు కంపెనీలు ఛార్జీ మార్చాలన్నా, నష్టాల లైను మూయాలన్నా ప్రభుత్వ అనుమతి కోసం ఏళ్లు పట్టేది. 1970లో పెన్ సెంట్రల్ దివాలా తీసింది. తూర్పున మునిగిన కంపెనీల లైన్లతో 1976లో కాన్‌రైల్ ఏర్పడింది. 1980 మార్చి 31న రాక్ ఐలాండ్ అనే పాత పెద్ద కంపెనీ పూర్తిగా ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో స్టాగర్స్ చట్టం వచ్చింది. ఛార్జీలు కంపెనీలే పెట్టుకోవచ్చు, అక్కర్లేని లైన్లు తేలిగ్గా వదిలించుకోవచ్చు. పెద్దవాళ్లు వదిలినవాటిని చిన్నవాళ్లు కొని, తక్కువ మందితో, ఊళ్లో సరుకు పంపేవాళ్లతో నేరుగా మాట్లాడుకుని నడపడం మొదలుపెట్టారు.

అయోవా ఇంటర్‌స్టేట్ రైల్‌రోడ్ చక్కని ఉదాహరణ. రాక్ ఐలాండ్ ఆగిపోయాక మిగిలిన షికాగో-ఒమాహా ప్రధాన లైను మీద 1984లో మొదలైంది. ఆ లైను, పాత యూఎస్ 6, కొత్త ఐ-80 మూడూ దాదాపు పక్కపక్కనే నడుస్తాయి. మొక్కజొన్న, ఇథనాల్ దాని ప్రధాన సరుకుల్లో ఉన్నాయి. 2006లో ఆ లైను మీదికి చైనాలో నడిచిన రెండు ఆవిరి ఇంజన్లు కూడా వచ్చాయి. అయోవా మొక్కజొన్న చేల మధ్య చైనా పొగబండి!

అన్నీ చిన్నవిగానే ఉండిపోలేదు. బాగా నడిస్తే పెద్దవాళ్లు మళ్లీ కొనేస్తారు. 1987లో మొదలైన విస్కాన్సిన్ సెంట్రల్ 2001లో కెనేడియన్ నేషనల్ చేతికి వెళ్లింది. అదే 1987లో మొదలైన మోంటానా రైల్ లింక్ లైను 2024 జనవరిలో బీఎన్ఎస్ఎఫ్‌కు తిరిగి వెళ్లిపోయింది.

వ్యాగన్ల మీద ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉంటాయి. అవేంటి?

వ్యాగన్ యజమాని గుర్తు, దాని నంబరు. మన కార్లకు రిజిస్ట్రేషన్ లాంటిది. అక్షరాలు "ఎక్స్"తో ముగిస్తే ఆ వ్యాగన్ ఏ రైల్వేదీ కాదు, ప్రైవేటు యజమానిది అని అర్థం. ట్యాంకర్లు చాలామటుకు అలాంటివే. గేటు దగ్గర ఆగినప్పుడు పిల్లలకు ఇదే ఆట, ఎక్స్‌లు లెక్కపెట్టమంటాను. మొన్నొకసారి మావాడు 61 దాకా లెక్కపెట్టి నిద్రపోయాడు, బండి అప్పటికీ అయిపోలేదు.

రైల్వే గేటు దగ్గర కారు పట్టాల మీద ఇరుక్కుపోతే?

ముందు అందరూ దిగి పట్టాలకు దూరంగా పోవాలి. సామాన్ల కోసం వెనక్కి వెళ్లొద్దు. రైలు వస్తుంటే అది వచ్చే దిక్కుకు ఏటవాలుగా పరుగెత్తాలి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఢీకొన్నాక కారు ముక్కలు రైలు పోయే వైపుకే ఎగిరి పడతాయి. తర్వాత గేటు స్తంభానికో సిగ్నల్ పెట్టెకో ఉన్న చిన్న నీలం పలక చూడండి. ఫోన్ నంబరు, ఆ గేటుకు ఆరంకెలూ ఒక అక్షరమూ ఉన్న గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఆ నంబరుకు చేస్తే నేరుగా ఆ లైను కంపెనీ కంట్రోల్ రూముకు వెళ్తుంది, వాళ్లు రైళ్లను ఆపగలరు. పలక కనపడకపోతే 911.

పట్టాల వెంబడి నడవొచ్చా? ఊళ్లో అందరం అలాగే బడికి వెళ్లేవాళ్లం.

వద్దు. ఇక్కడ పట్టాలు ఎవరో ఒకరి సొంత ఆస్తి, వాటి మీద నడిస్తే అక్రమ ప్రవేశం కింద కేసు పెట్టొచ్చు. ఫొటోల కోసం కూడా వద్దు. వీసా మీద ఉన్న పిల్లలకు ఆ టెన్షన్ అసలే అక్కర్లేదు.

పట్టాల వెడల్పు మన దగ్గరా ఇక్కడా ఒకటేనా?

కాదు. ఇక్కడ 1,435 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్ 1,676. మనదే వెడల్పు.

## ఊరికే తెలుసుకుందామని

యూఎస్ 1 ఎడిసన్ నుంచి దక్షిణానికి పోతూ ఉంటే ఎక్కడ ఆగుతుంది?

ఫ్లోరిడా కొసన కీ వెస్ట్ దీవిలో. ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని ఫోర్ట్ కెంట్‌లో మొదలయ్యే రోడ్డు అక్కడ "మైలు 0" దగ్గర ముగుస్తుంది. చివరి వంద మైళ్లకు పైగా దీవి నుంచి దీవికి దూకుతూ సముద్రం మీదుగా వెళ్తుంది. ఆ దారి మొదట వేసింది రోడ్డు వాళ్లు కాదు. హెన్రీ ఫ్లాగ్లర్ తన ఫ్లోరిడా ఈస్ట్ కోస్ట్ రైల్వేను 1912 జనవరిలో కీ వెస్ట్ దాకా తీసుకెళ్లాడు. 1935 సెప్టెంబరు 2న వచ్చిన పెనుతుఫాను ఆ లైనును మైళ్లకు మైళ్లు కొట్టేసింది. కంపెనీకి మళ్లీ కట్టే స్తోమత లేక వంతెనలను ప్రభుత్వానికి అమ్మేసింది. వాటి మీదే రోడ్డు వేసి 1938లో తెరిచారు.

ఆ కంపెనీ పోలేదు. జాక్సన్‌విల్ నుంచి మయామీ దాకా 351 మైళ్ల లైనుతో ఇప్పటికీ గూడ్సు నడుపుతున్న రీజనల్ రైల్‌రోడ్ అది. మయామీ నుంచి ఆర్లాండోకు వెళ్లే బ్రైట్‌లైన్ రైలు ఎక్కితే కోకో దాకా మీరు పోయేది ఆ లైను మీదే.

కీ వెస్ట్ వెళ్లేవాళ్లు బహియా హోండా దగ్గర పది నిమిషాలు కారు ఆపండి. పాత రైలు వంతెన ఇంకా నిలబడి ఉంది. ఇనుప చట్రం లోపల రైలు పట్టేది గానీ రెండు కార్లు పక్కపక్కన పట్టేవి కావు. అందుకని రోడ్డును ఆ చట్రం నెత్తిన వేశారు. ఇప్పుడు దానికి దారి లేదు, మధ్యలో ఒక ముక్క తీసేశారు. ఒడ్డున నిలబడి చూస్తే కింద రైలు పోయిన ఖాళీ, పైన కార్లు పోయిన పలక రెండూ విడివిడిగా కనిపిస్తాయి.